ఊరుమ్మడి గాదె

పంట ఇంటికి వచ్చిన నెలలో పేదవాని ఇంట కూడా నాలుగు గింజలు ఉంటాయి. కోతలప్పుడు కూలి దొరుకుతుంది. కళ్ళం దగ్గర కొలిచి ఇచ్చిన గింజలు కొన్నాళ్ళు వస్తాయి. కష్టమంతా ఆషాఢం మొదలుకొని భాద్రపదం దాకా. అప్పటికి పోయిన ఏటి గింజలు నిండుకుంటాయి. ‘అయిపోయాయి’ అనడానికి నోరు రాక మన ఇళ్ళలో ఆడవారు ‘నిండుకున్నాయి’ అంటారు. కొత్త పంట ఇంకా చేలోనే ఉంటుంది. దున్నడం, విత్తడం, కలుపు తీయడం వంటి బరువు పనులన్నీ ఆ రోజులలోనే వస్తాయి. ఒంటికి ఎక్కువ తిండి కావలసిన కాలంలోనే ఇంట్లో తక్కువ తిండి ఉంటుంది. మెట్ట ప్రాంతాలలోను, కొండ ప్రాంతాలలోను బ్రతికే చిన్న రైతులకు, కూలీలకు ఇది ప్రతి ఏడూ వచ్చే గండం.

అటువంటప్పుడు పేద రైతుకు ఉన్న దారులు కొద్ది. విత్తనానికి దాచిన గింజలు వండుకొని తినడం ఒకటి. గొడ్డునో గొర్రెనో తెగనమ్ముకోవడం మరొకటి. ఎక్కువమంది పట్టే దారి మాత్రం ఊరిలోని షావుకారు వాకిలికి దారి. అక్కడ ధాన్యం అప్పుగా దొరుకుతుంది. ఇలా తెచ్చుకున్న ధాన్యానికి పంటనాడు అదనంగా కొలిచే ధాన్యాన్ని తెలుగులో ‘నాగు’ అంటారు. చాలాచోట్ల తెచ్చినదానికి సగం నాగుగా కలిపి తిరిగి కొలవాలి. రెండు తూములు తెస్తే మూడు తూములు.

ఈ లెక్క ఎక్కడికి పోతుందో చూద్దాం. ఒక కుటుంబానికి ఏటా పండే పంట సరిగ్గా ఇంటి తిండికి సరిపోతుందనుకోండి. ఒక ఏడు వానలు తగ్గి రెండు తూములు లోటు వచ్చింది. నాగుకు తెచ్చుకున్నారు. మరుసటి పంట బాగానే పండింది. కాని అందులోనుంచి మూడు తూములు షావుకారుకు కొలిచారు గనుక ఆ ఏడు మూడు తూములు లోటు పడింది. మళ్ళీ అప్పు. రెండో పంటకు నాలుగు తూముల రెండు కుంచాలు కొలవాలి. మూడో పంటకు ఆరు తూముల మూడు కుంచాలు. (తూముకు నాలుగు కుంచాలు అన్నది గుర్తుంచుకోండి.) చెడ్డ ఏడు ఒక్కటే వచ్చింది. తరువాత మూడు పంటలూ మంచివే. అయినా రెండు తూముల లోటు కాస్తా ఏడు తూముల దాకా పెరిగింది. చివరకు పొలం కాగితాలు చేతులు మారతాయి. సోమరితనం వలన పేదలయ్యారని కొందరు తేలికగా అంటారు. ఈ లెక్క వేసి చూసినవారు ఆ మాట అనలేరు.

ధరల వలన కలిగే నష్టం దీనికి తోడవుతుంది. అప్పులు తీర్చడానికి, పండుగకు, పెళ్ళికి పేదరైతు పంటనాడే గింజలు అమ్ముతాడు. అందరూ అప్పుడే అమ్ముతారు గనుక ధర పడిపోయి ఉంటుంది. ఆరు నెలల తరువాత అవే గింజలను ఎక్కువ ధరకు కొనుక్కుంటాడు. పండించినవాడే కొనుక్కుతినడం, అదీ నష్టానికి కొనుక్కుతినడం చిత్రంగా తోచవచ్చు. మన పల్లెలలో అది వింత కాదు.

ఈ నాగు ముడిని విప్పడానికి కొన్ని ఊళ్ళు ఎంచుకున్న ఉపాయమే ఊరుమ్మడి గాదె. ఈనాడు దీనిని ధాన్యపు బ్యాంకు అంటున్నారు. బ్యాంకు అనగానే రూపాయలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ దాచేది గింజలు, అప్పుగా ఇచ్చేది గింజలు, వడ్డీగా పుచ్చుకునేది కూడా గింజలే. పంటనాడు ఊరిలోని కుటుంబాలు తమ శక్తి కొలది కొంత ధాన్యం ఇచ్చి గాదె నింపుతారు. కొన్నిచోట్ల మొదటి పెట్టుబడి ప్రభుత్వమో స్వచ్ఛంద సంస్థో ఇస్తుంది. కరువు నెలలలో అవసరమైనవారు తెచ్చుకుంటారు. పంట రాగానే తెచ్చినదానిమీద కొద్దిగా కలిపి తిరిగి కొలుస్తారు. ఎంత కలపాలన్నది సంఘం వారే కూర్చొని నిర్ణయించుకుంటారు.

పైన చెప్పిన కుటుంబమే షావుకారు దగ్గరకు కాక ఈ గాదె దగ్గరకు వెళ్ళిందనుకుందాం. ఇక్కడ రెండు తూములకు ఒక కుంచం కలిపితే చాలునని నియమం. అప్పుడు మొదటి పంటకు కొలవవలసింది రెండు తూముల ఒక కుంచం. మూడో పంట నాటికి కూడా బాకీ మూడు తూములు దాటదు. అప్పు పెరగలేదని కాదు, పెరిగింది. అయితే ఒక్క మంచి వానాకాలం వస్తే తీర్చగలిగినంతే పెరిగింది. పైగా ఆ కలిపిన కుంచం ఎవరి ఇంటికీ పోలేదు. గాదెలోనే ఉండి మరుసటి ఏడు మరొక ఇంటికి అన్నం పెడుతుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన అనుకోరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారాన్ని గూర్చిన అధ్యాయం ఉంది. కోష్ఠాగారమంటే ధాన్యపు కొట్టు. నిలువచేసిన వస్తువులలో సగం జనపదానికి ఆపద వచ్చినప్పటికి విడిగా ఉంచాలని, మిగిలిన సగం వాడుకోవాలని, పాతదాని స్థానంలో ఎప్పటికప్పుడు కొత్తదానిని నింపాలని అందులో నియమం. ఈ మూడో మాట చిన్నదిగా కనిపిస్తుంది కాని ధాన్యపు బ్యాంకుకు అదే ప్రాణం. రూపాయి పెట్టెలో పడి ఉంటే చెడదు. గింజ పడి ఉంటే పుచ్చిపోతుంది. కదిలితేనే గింజ నిలుస్తుంది. నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న మహాస్థాన్‌గఢ్‌లో 1931లో ఒక బ్రాహ్మీ శాసనం దొరికింది. మౌర్యుల కాలం నాటిదని పండితులు నిర్ణయించారు. ఆపదలో ఉన్న ప్రజలకు ధాన్యం ఇమ్మని, మంచి రోజులు వచ్చాక కొట్టు మళ్ళీ నింపాలని పుండ్రనగరంలోని అధికారికి పంపిన ఆజ్ఞ అది. ఇచ్చి ఊరుకొమ్మనలేదు, మళ్ళీ నింపమన్నారు. ఇరవై మూడు వందల ఏళ్ళ కిందటి ధాన్యపు బ్యాంకు పద్దు అనవచ్చు. దక్షిణాదిన దేవాలయాలు ధాన్యాన్ని నిలువచేసేవి. తమిళనాడులో పాపనాశం దగ్గరి తిరుప్పాలైత్తురై ఆలయంలో తంజావూరు నాయక రాజులు కట్టించిన గుండ్రని ఇటుక గాదె నేటికీ ఉంది. అది మూడు వేల కలముల ధాన్యం పడుతుందంటారు. ఆ రాజుల కొలువులో తెలుగు కావ్యాలు వెలసిన సంగతి మీరు ఎరిగినదే.

ఆంగ్లేయుల కాలంలో పెద్ద గాదె ఒకటి కట్టారు. 1770లో బెంగాలు ప్రాంతాన్ని పీడించిన మహాక్షామం తరువాత, కరువును శాశ్వతంగా ఆపాలన్న ఉద్దేశంతో పాట్నాలో 1786లో గోల్‌ఘర్ అనే బ్రహ్మాండమైన గుమ్మటం లేపారు. అటువంటివి వరుసగా కట్టాలన్నది సంకల్పం. కట్టింది ఆ ఒక్కటే. దాని తరువాత ఎనభై ఏళ్ళకు, 1866లో, ఒడిశాలో ఘోరమైన కరువు వచ్చింది. పూరీ గజపతి తొమ్మిదవ అంకంలో వచ్చింది గనుక ఒడియావారు దానిని ‘నఅంక దుర్భిక్షం’ అంటారు. 1865లో వానలు లేక పంట పోయింది. ఊళ్ళలో గింజ లేదన్న సంగతి అధికారులు చాలా ఆలస్యంగా గ్రహించారు. బియ్యం ఓడలలో తెప్పించే వేళకు వానాకాలం వచ్చి సముద్రతీరం చేరడం కష్టమైంది. సుమారు పది లక్షలమంది మరణించారు. మరి పదేళ్ళకు, 1876లో, ధాత కరువు వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప, సేలం జిల్లాలు, మైసూరు రాజ్యం, మహారాష్ట్రలోని దక్కను ప్రాంతం అన్నీ దానివాత పడ్డాయి. అప్పటికి రైళ్ళు ఉన్నాయి. ధాన్యం రైలెక్కి ధర ఎక్కువ పలికే చోటికి పోయింది. ఎక్కడో ఉన్న కొండంత ధాన్యంకన్న ఊరిలో ఉన్న పుట్టెడు గింజలు ఎందుకు విలువైనవో ఈ రెండు కరువులు చూపుతాయి.

మన కాలంలో ఈ పనిని చేసి చూపినవారిలో జహీరాబాదు ప్రాంతపు స్త్రీలను ముందుగా చెప్పుకోవాలి. జహీరాబాదు ఒకప్పుడు మెదక్ జిల్లాలోది, ఇప్పుడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో ఉంది. కర్ణాటకలోని బీదరుకు దగ్గర. నీటి వసతి తక్కువైన మెట్ట నేలలు. జొన్న, సజ్జ, కొర్ర, కంది అక్కడి పంటలు. జొన్నరొట్టె అక్కడి తిండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983 నుంచి పస్తాపూరు కేంద్రంగా అక్కడి పల్లెలలో స్త్రీల సంఘాలను కూడగట్టింది. సభ్యులలో ఎక్కువమంది దళిత స్త్రీలు. చౌకడిపో బియ్యం వచ్చినాక ఊళ్ళలో జొన్న వేయడం తగ్గిందని, చిన్నచిన్న కమతాలు బీడు పడ్డాయని, బీడు పడిన నేలలో కూలి కూడా పోయిందని వారు గమనించారు. బియ్యం వద్దని వారు అనలేదు. మా నేలలో పండేది మాకు ఎందుకు పనికిరాదని మాత్రం అడిగారు.

1990ల మధ్యకాలంలో ముప్పైకి పైగా గ్రామాలలో వారు ఒక ఏర్పాటు చేశారు. బీడుగానో, సరిగా సాగులేకనో ఉన్న పొలాలు గల చిన్నరైతులకు దున్నుడుకు, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇచ్చారు. ఆ అప్పును రూపాయలలో కాక, కొన్నేళ్ళపాటు పంటనాడు జొన్నల రూపంలో తీర్చాలి. అలా వచ్చిన జొన్నలను ఆ ఊరిలోనే నిలువచేశారు. వానాకాలపు కరువు నెలలలో ఆ ఊరి పేద కుటుంబాలకే చౌక ధరకు అమ్మారు. వచ్చిన డబ్బు మళ్ళీ సంఘం నిధికి చేరింది. చూడండి, ఒకే అప్పుతో బీడు సాగైంది, పొలంలో పని దొరికింది, పశువులకు చొప్ప దొరికింది, గాదె నిండింది. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఎవరు పేదలు, ఎవరికి ఎన్ని గింజలు ఇవ్వాలి అన్నది అన్నిటికన్న చిక్కు ప్రశ్న. ఆఫీసులో కూర్చొని జాబితా రాస్తే పలుకుబడి గలవారి పేర్లు ముందు వస్తాయి. జహీరాబాదు పల్లెలలో ఊరివారంతా ఒకచోట చేరి, నేలమీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఇల్లు ఇల్లుగా మాట్లాడుకున్నారు. ఎంత భూమి ఉంది, కూలికి పోయేవారు ఎందరు, ఇంటికి పెద్దదిక్కు ఉన్నదా, ఏటా ఎన్ని నెలలు తిండికి ఇబ్బంది పడతారు అని ఆరా తీసి, నిరుపేదలకు ఎక్కువ, తక్కిన పేదలకు తక్కువ వచ్చేలా నిర్ణయించారు. నలుగురి ఎదుట జరిగే మాట గనుక ఉన్నవాడు లేనివాడినని చెప్పుకోలేడు. పొరుగింట పొయ్యి వెలిగిందో లేదో ఊరి స్త్రీలకు తెలిసినంతగా ఏ అధికారికి తెలుస్తుంది?

ప్రభుత్వం కూడా ఈ పద్ధతిని చేపట్టింది. కేంద్ర ప్రభుత్వం 1996-97లో గ్రామ ధాన్యపు బ్యాంకుల పథకాన్ని ముందుగా గిరిజన ప్రాంతాలకు ఉద్దేశించి ప్రారంభించింది. 2004లో దానిని ఆహార, పౌరసరఫరాల విభాగానికి మార్చారు. ముప్పై నలభై పేద కుటుంబాలకు ఒక బ్యాంకు, కుటుంబానికి ఒక క్వింటాలు చొప్పున ధాన్యం అన్నది దాని కొలత. ఇటువంటి బ్యాంకులన్నీ నిలిచాయని చెప్పలేము. పైనుంచి వచ్చిన ధాన్యం ఉచితమనుకొని తిరిగి కొలవనిచోట ఒక్క ఏడాదిలోనే గాదె ఖాళీ అవుతుంది. తక్కెడ ఒకరి చేతిలో, పుస్తకం ఆయన చేతిలోనే ఉన్నచోట గాదె కింద పందికొక్కులు చేరతాయి. అందుకే తాళపుచెవి ఒకరి దగ్గర, పుస్తకం మరొకరి దగ్గర ఉంచడం, ఇచ్చేటప్పుడూ పుచ్చుకొనేటప్పుడూ ఒకే కుంచంతో అందరి ఎదుట కొలవడం మేలు. అన్నిటికన్న కష్టం వరుసగా రెండేళ్ళు వానలు లేకపోతే వస్తుంది. అప్పుడు బాకీ ఒత్తిడి చేసి వసూలు చేస్తే షావుకారుకు, సంఘానికి తేడా ఉండదు. వసూలు చేయకపోతే గాదె అడుగంటుతుంది. అటువంటి ఏడు బాకీని మరుసటి పంటకు వాయిదా వేసి, గాదెకు మాత్రం బయటినుంచి సహాయం తెచ్చుకోవడం తప్పదు.

గింజను నిలువచేయడం ఒక విద్య. బాగా ఎండని గింజకు బూజు పడుతుంది. ఎండిన గింజకు పురుగు పడుతుంది. వెదురు బుట్టకు మట్టి, పేడ కలిపి మెత్తి ఆరబెట్టి, గింజలలో ఎండిన వేపాకు, బూడిద కలపడం మన పల్లెలకు తెలిసిన పద్ధతి. వడ్లకు గాదె, గరిసె. వరిగడ్డి వెంటితో చుట్టిన పురి. జొన్నలకు నేలలో తవ్విన పాతర మన తెలుగువారి కొట్లు. మీరు ఉన్న రాష్ట్రాలలోను ఇటువంటివే ఉన్నాయి. ఉత్తర కర్ణాటకలో పాతరను ‘హగేవు’ అంటారు. మరాఠీలో అదే ‘పేవ్’, వెదురు గాదె ‘కణగీ’. తమిళంలో ‘కుదిర్’, ‘పత్తాయం’ అనే మాటలు వింటారు. ఒడియా పల్లెలలో గడ్డి వెంటితో చుట్టే పురి వంటిది ‘ఓలియా’. యానాం చుట్టుపక్కల గాదె, గరిసె అన్న మాటలు పెద్దలకు తెలుసు. పాతర తెరిచిన వెంటనే అందులోకి దిగరాదు. లోపల చెడుగాలి నిండి ఉంటుంది. వెనుకటివారు ముందుగా దీపం దింపి, అది ఆరిపోకుండా ఉంటేనే దిగేవారు.

గాదె నింపడానికి పుట్లకొద్దీ ధాన్యం ఉన్నవారే కావాలని లేదు. అన్నానికి ఎసరు పెట్టే వేళ ఒక పిడికెడు బియ్యం విడిగా తీసి దాచే అలవాటు చాలా ప్రాంతాలలో ఉంది. తమిళనాడులో కంచి పరమాచార్యులు ‘పిడి అరిశి’ పేరుతో దీనినే ప్రోత్సహించారు. మహారాష్ట్రలో 1919లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించిన కర్మవీర్ భావూరావ్ పాటిల్ పేద విద్యార్థుల వసతిగృహాల కొరకు ఇంటింటి నుంచి పిడికెడు ధాన్యం సేకరించారు. దానికి ‘ముష్టి ఫండు’ అని పేరు. మరాఠీలో ముష్టి అంటే పిడికిలి. సంస్కృతంలోనూ అంతే. తెలుగులో ఆ మాట బిచ్చానికి పేరై హీనపడింది. ఆ నిధి మాత్రం బిచ్చం కాదు, తామూ పేదలే అయిన తల్లులు ఇతరుల పిల్లల చదువుకు ఇచ్చిన గింజలు. ఈశాన్యాన మిజోరం స్త్రీలు 1910 నుంచి ఇలాగే పూట పూటకూ పిడికెడు బియ్యం తీసి తమ చర్చి పనులకు ఇస్తున్నారు.

పట్టణాలలో సంగతి వేరు. అక్కడ పంటలేదు, కళ్ళం లేదు. మిగిలిపోయే తిండి మాత్రం ఉంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన, దుకాణాలవారు పారవేసే పదార్థాలలో తినదగినవి ఎన్నో ఉన్నాయని ఒక పేదతల్లి ద్వారా తెలుసుకొని, 1967లో సెయింట్ మేరీస్ ఫుడ్‌బ్యాంకును ప్రారంభించాడు. ‘ఆహారపు బ్యాంకు’ అన్న మాట అక్కడినుంచి వ్యాపించింది. దుకాణాలు, రైతులు, కర్మాగారాలు ఇచ్చినవాటిని ఒకచోట చేర్చి, పేదలకు అన్నం పెట్టే సంస్థలకు పంచడం దాని పని. మన నగరాలలోను పెళ్ళి విందులలో మిగిలిన అన్నాన్ని వేడి ఆరకముందే పేదల వాడలకు చేర్చే యువకుల సంఘాలు ఉన్నాయి. మంచి పనే. కాని మిగిలితేనే పెట్టగలరు. రేపు ఎంత మిగులుతుందో ఎవరూ చెప్పలేరు.

చౌకడిపోలు ఉండగా ఇవన్నీ ఎందుకని అడగవచ్చు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాలలో మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం హక్కుగా వస్తుంది. 2023 జనవరి నుంచి దానిని ఉచితంగా ఇస్తున్నారు. ఇది చాలా పెద్ద అండ. దీనివలన నాగు బెడద ఎన్నో ఇళ్ళలో తగ్గింది. అయితే ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి అయిదు కిలోలు నెల పొడుగునా రావు. కార్డులో పేరు ఎక్కని కోడలు, పుట్టిన బిడ్డ ఉంటారు. వాన కురిసి వాగు పొంగితే లారీ రాని కొండ ఊళ్ళు ఉంటాయి. ఆ కొరతను తీర్చడానికి ఊరి గాదె ఉపయోగపడుతుంది. చౌకడిపోకు అది పోటీ కాదు.

ఊరిగాదెకు కూడా ఒక హద్దు ఉంది. అది అప్పు ఇస్తుంది. తిరిగి కొలవగలవారికే అప్పు. పొలం లేని, ఒంట్లో శక్తి లేని, చూసేవారు లేని ముసలివారు ఏ పంటనాడు తెచ్చి కొలుస్తారు? అటువంటివారికి అన్నమే పెట్టాలి. గోదావరి లంకలలో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళ కాని వేళలో వచ్చినవారికి కూడా వండి వడ్డించారు. 1952లో రాయలసీమ కరువులో గంజి కేంద్రాలు వేలమందిని బ్రతికించాయి. గాదె నడుపుకొనే సంఘం ఈ సంగతిని ముందే ఎరిగి ఉండాలి. పంటనాడు వడ్డీగా వచ్చిన కుంచాలలో కొన్నిటిని అటువంటివారి కొరకు విడిగా కొలిచి పెట్టి, గింజలుగా ఇస్తే వండుకోలేని వారికి ఇరుగుపొరుగువారు వంతులవారీగా వండి ఇచ్చేలా ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ గింజలకు బాకీ పుస్తకంలో పద్దు వ్రాయనక్కరలేదు.